అద్దం అవతల మోగిన ఫోన్

నిజామాబాద్,
ఫిబ్రవరి 16, ఆదివారం.

లతా,

నీకు ఉత్తరం రాసి ఎన్నేళ్లయిందో తలుచుకుంటే నాకే సిగ్గుగా ఉంది. పెళ్లి కుదిరాక, నేను హైదరాబాద్‌లో బీఈడీ చేస్తున్నప్పుడు రాసిన మూడు ఉత్తరాలే. మళ్లీ ఇప్పుడు. ఫోన్ చేస్తే "బాపుకు మందులేస్తున్నరు, తర్వాత మాట్లాడ్త" అని పెట్టేస్తున్నావు. ఆ తర్వాత అన్నది మూడు వారాలైనా రాలేదు. మెసేజీ పెడితే రెండు నీలం గీతలు వస్తాయి, జవాబు రాదు. ఆ నీలం గీతల మీద కూడా నాకు నమ్మకం పోయింది. నిజంగా నువ్వు చదివావో, చదివినట్టు యంత్రం చూపిస్తోందో ఎవరికి తెలుసు? కాగితమైతే కనీసం నీ చేతిలో ఉంటుంది. చించేసినా నువ్వే చించావని నేననుకోవచ్చు.

మామ ఎలా ఉన్నాడు? కుడి చెయ్యి కొంచెమైనా కదులుతోందా? మాట వస్తోందా? మీ అన్నను అడిగే ధైర్యం లేదు. హాస్టల్ నుంచి శృతి ఫోన్ చేసినప్పుడు దాన్నే అడిగి తెలుసుకుంటున్నాను. కూతురిని అడిగి భార్య క్షేమం తెలుసుకునే గతి పట్టింది.

నిన్న కారును మూడోసారి సర్వీస్ సెంటర్‌కు తీసుకుపోయాను. శ్రావణ్ అని ఒక మెకానిక్ ఉన్నాడు, మర్యాదస్తుడే. స్టీరింగ్ కింద ఒక వైరు గుచ్చి, చేతిలో పలకలాంటిది పట్టుకొని చూశాడు.

"కోడ్ ఏం వస్తలేదు సార్. బండి మంచిగనే ఉన్నది."

"మంచిగుంటే జనవరి ఇరవై అయిదున రోడ్డు మీద ఎందుకు ఆగింది?"

"ఆగినట్టు రికార్డ్ల లేదు సార్."

"నేను చెప్తున్న గద, ఆగింది. నేను అందులనే ఉన్న."

"ఉండొచ్చు సార్. గని సిస్టంల లేదు."

పంతొమ్మిదేళ్లుగా సైన్సు చెబుతున్నాను. హోంవర్క్ చేశాను, నోట్సు ఇంట్లో మరిచిపోయాను అనే పిల్లవాణ్ని నేను ఎలా చూస్తానో, శ్రావణ్ నన్ను సరిగ్గా అలాగే చూశాడు. లోపల గాజు గదిలో కూర్చున్న మేనేజర్ బయటికి కూడా రాలేదు. సాఫ్ట్‌వేర్ కొత్తది ఎక్కించాం, ఇక ఏ సమస్యా ఉండదని శ్రావణ్‌తో చెప్పి పంపించాడు. బైపాస్ దాటకముందే మిట్టమధ్యాహ్నపు ఎండలో వైపర్లు వాటంతటవే ఆడడం మొదలుపెట్టాయి. నీళ్లు చిమ్ముతున్నాయి, తుడుస్తున్నాయి, మళ్లీ చిమ్ముతున్నాయి. ఏ బటన్ నొక్కినా ఆగవు. పక్కన బండి మీద పోతున్న ఇద్దరు ఆడవాళ్లు నన్ను చూసి నవ్వారు. వెనక తలుపు తెరిచి ఉందని ఒక గొంతు చెబుతూనే ఉంది. తలుపు మూసే ఉంది లతా. దిగి, చేత్తో తోసి చూశాను. గొంతు మాత్రం చెబుతూనే ఉంది.

ఆ రోజు ఏం జరిగిందో నువ్వు నన్ను ఒక్కసారీ అడగలేదు. అడగకపోయినా చెబుతాను. మర్నాటి జెండా పండుగకు బోధన్‌లో మా బడి పిల్లలతో కవాతు చేయిస్తున్నాను. నువ్వు పుట్టింటికి వర్ని పోయి ఉన్నావు, పదిన్నరకు అక్కణ్నుంచి నీ ఫోన్ వచ్చింది. "బాపు మూతి వంకర పోతున్నది, చెయ్యి లేస్తలేదు, జల్ది రండి" అన్నావు. హెడ్‌మాస్టర్‌కు కూడా చెప్పకుండా పరుగెత్తి కారెక్కాను. రుద్రూర్ దాటాను. ఇంకో పది నిమిషాలైతే వర్ని. కాలువ పక్కన రోడ్డు గతుకులు తెలుసు కదా, అక్కడ ఒక్క కుదుపుకు ముందున్న తెర తెల్లబడింది. తర్వాత నల్లబడింది. ఇంజను ఆగింది. స్టీరింగ్ బండరాయిలా బిగుసుకుంది. ఎలాగో పక్కకు ఆపాను. బటన్ పదిసార్లు నొక్కాను. ఎదురుగా కప్పు పెట్టుకునే గుంటలో తాళం పెట్టుకొని కూర్చుంటే, తాళం లేదని తెర మీద ఒక్క క్షణం రాసి మళ్లీ చచ్చిపోయింది. బానెట్ ఎత్తి చూద్దామని దిగాను. నా వెనకే తలుపు పడిన చప్పుడు, ఆ వెంటే టిక్ మని ఇంకో చప్పుడు. నాలుగు తలుపులూ లాక్ అయ్యాయి. తాళం లోపలే. ఫోన్ లోపలే, అద్దం దగ్గర స్టాండులో.

అది మోగుతోంది. నీ పేరు కనిపిస్తోంది. ఆగుతోంది, మళ్లీ నీ పేరు. అద్దం అవతల నేను.

చుట్టూ నాట్లేసిన మళ్లే. అద్దం పగలగొడదామంటే రాయి కూడా దొరకలేదు. రెండు కార్లు చెయ్యెత్తినా ఆగకుండా పోయాయి. చివరికి చెరకు దింపి ఖాళీగా తిరిగొస్తున్న ట్రాక్టర్ ఒకటి ఆగింది. డ్రైవర్ పేరు నర్సింలు. కారును అక్కడే వదిలేసి (మర్నాడు రెండో తాళంతో పోయి తెచ్చుకున్నాను) ఆ ట్రాలీలో నిలబడి వర్ని చేరేసరికి మీ ఇంటికి తాళం. పక్కింటి లింబయ్య తన సామాన్ల ఆటోలో గడ్డి పరిచి మామను పండబెట్టి తీసుకుపోయాడని చెప్పారు. బస్సు పట్టుకొని నిజామాబాద్ ఆసుపత్రికి వచ్చేసరికి మూడైంది. ఒక్క గంట ముందు తెచ్చి ఉంటే ఇంజక్షన్ పనిచేసేదని డాక్టర్ అప్పటికే చెప్పేశాడు.

వరండాలో మీ అన్న సురేందర్ తన ఫోన్ తెరిచి నా మొహం ముందు పెట్టాడు. కారు ఎక్కడుందో, ఎంతసేపటి నుంచి ఆగి ఉందో చూపించే ఆ యాప్‌ను కారు కొన్న రోజు మీ ఇద్దరి ఫోన్లలో వేసింది నేనే. ఎంత గొప్పగా చూపించానో గుర్తుందా? బోధన్ చివర రుద్రూర్ రోడ్డు మీద వైన్స్ ఉంది కదా, సరిగ్గా దాని ముందు కారు నాలుగు గంటలకు పైగా ఆగి ఉన్నట్టు అందులో ఉంది.

"గిదేంది బావా?" అన్నాడు. చెప్పాను. వినలేదు. "కారు అబద్ధం చెప్తదా? నువ్వు చెప్తవు. ఇదివరకు చెప్పినవు గద" అన్నాడు.

చెప్పాను, నిజమే. శృతి పదో తరగతి ఫలితాలు వచ్చిన రోజు అదే వైన్స్ వెనక గదిలో పరమేశ్వర్‌తో కూర్చొని, పేపర్లు దిద్దుతున్నానని నీకు చెప్పాను. దొరికాను. ఆ తర్వాత ఒక్క చుక్క ముట్టలేదు. కానీ ఒకసారి అబద్ధం చెప్పిన మనిషి మాటకు, ఇనుపముక్క మాటకు తేడా వస్తే లోకం ఇనుపముక్కనే నమ్ముతుందని ఆ రోజు తెలిసింది. లోకం సంగతి వదిలెయ్. నువ్వు గోడకు ఆనుకొని నిలబడి ఉన్నావు. నా వైపు ఒక్కసారి చూసి తల దించుకున్నావు. అదే నన్ను తినేస్తోంది. ఆ కారు నన్ను రోడ్డు మీద ఆపింది, పోనీ. నీ ముందు దొంగను చేసి నిలబెట్టింది.

నమ్ముతున్నావో లేదో ఒక్క మాట రాయి.

నీ
రాజేందర్

*

నిజామాబాద్,
మార్చి 9, ఆదివారం.

లతా,

నువ్వు రాయలేదు. సరే, నేనే మళ్లీ రాస్తున్నాను.

పోయిన సోమవారం అది మళ్లీ ఆగింది. బడికి పోతుంటే ఎడపల్లి దగ్గర, నడిరోడ్డు మీద, వెనక ఇటుకల లారీ. మళ్లీ అదే తెల్ల తెర, అదే నల్ల తెర. ఈసారి తాళం, ఫోన్ రెండూ జేబులో పెట్టుకునే నడుపుతున్నాను, అంత బుద్ధి వచ్చింది. లారీ డ్రైవర్ దిగొచ్చి తిట్టబోయి, నా మొహం చూసి ఆగిపోయాడు. నేను భయపడాల్సింది పోయి, నీకెలా చెప్పాలో తెలియదు కానీ, సంతోషించాను. చూశారా, ఆగింది, అందరూ చూస్తుండగా ఆగింది అని అరవాలనిపించింది. లారీ డ్రైవర్ పేరు, ఫోన్ నంబరు రాసుకున్నాను. "సాక్ష్యం చెప్తవా అన్నా?" అని అడిగాను. వాడు నన్ను పిచ్చివాణ్ని చూసినట్టు చూశాడు.

ఇంకో బండి మీదికి ఎక్కించి సర్వీస్ సెంటర్‌కు తీసుకుపోయారు. అక్కడికి చేరేసరికి ఏమైందనుకున్నావు? ఒక్క నొక్కుకు స్టార్ట్ అయింది. పిల్లిలా గురగురమంటోంది. దాని మీద చెయ్యి చేసుకుందామన్నంత కోపం వచ్చింది. ఈసారి మేనేజర్ గాజు గదిలోంచి బయటికి వచ్చాడు.

"సార్, మీరు ఏదన్న బటన్ తప్పు నొక్కుతున్నరేమో. ఈ మోడల్ కొంచెం అడ్వాన్స్ ఉంటది."

"నేను సైన్స్ టీచర్ని."

"అందుకే సార్, మీకు చెప్తె అర్థమైతది" అన్నాడు. ఏమర్థం కావాలో మాత్రం చెప్పలేదు.

ఇది నాకు ఎంత చిరాకు తెప్పిస్తోందో నీకు తెలియదు. మా నాన్న స్కూటర్ ఉండేది. ఆగితే కారణం ఉండేది. ప్లగ్గులో మసి, పెట్రోల్‌లో నీళ్లు, తెగిన తీగ. చేతికి నల్లగా అంటుకునేది, తప్పు ఎక్కడుందో కంటికి కనిపించేది. ఇప్పుడు తప్పును కూడా ఆ యంత్రమే ఒప్పుకోవాలట. అది ఒప్పుకోకపోతే తప్పు జరగనట్టే, ఇక మిగిలిన తప్పు మనిషిదే. దొంగను పిలిచి నువ్వు దొంగతనం చేశావా అని అడిగి, లేదంటే ఇంటివాణ్ని పట్టుకున్నట్టుంది.

కారు షెడ్డులో వదిలేసి వచ్చాను. గురువారం మధ్యాహ్నం బడిలో ఖాళీగా ఉండి యాప్ తెరిచాను. లతా, కారు షెడ్డులో లేదట! బోధన్ వైన్స్ ముందు ఉందట! తలుపులు తెరిచి ఉన్నాయట, ఏసీ నడుస్తోందట, లోపల ఇరవై రెండు డిగ్రీల చల్లదనమట. వెంటనే శ్రావణ్‌కు ఫోన్ చేశాను. "సార్, మీ బండి నా ముంగటనే ఉన్నది, టైర్లు గూడ విప్పినం" అన్నాడు. బడి నుంచి నడుచుకుంటూ ఆ వైన్స్ దగ్గరికి పోయాను. యాప్‌లో కారు నిలబడి ఉన్న చోట పల్లీలు వేయించే బండి ఉంది. ఆ పల్లీల బండి పక్కన నిలబడి, ఒక చేత్తో యాప్, ఇంకో చేత్తో ఆ రోజు పేపర్ పట్టుకొని, వచ్చేపోయేవాళ్ల ఫోన్లతో ఫోటోలు తీయించుకున్నాను. వైన్స్‌లోంచి బయటికి వస్తున్న మా బడి పిల్లవాడి తండ్రి ఒకాయన నమస్తే పెట్టాడు. ఊరంతా ఏమనుకుంటారో అనుకోనీ.

ఆ ఫోటోలు చూశాక శ్రావణ్ మారిపోయాడు. మేనేజర్ భోజనానికి పోయినప్పుడు తనంతట తానే ముందు సీటు విప్పి, కింద పరిచిన తివాచీ ఎత్తాడు. తడి! పిండితే నీళ్లు కారాయి. ఏసీ నీళ్లు బయటికి పోవాల్సిన గొట్టం ఊడి ఎన్ని నెలల నుంచి లోపలికే కారుతోందో. ఆ తివాచీ కింద ఒక నల్ల డబ్బా ఉంది. తలుపులు, తాళం, వైపర్లు, ఆ యాప్, అన్నింటినీ అదే నడిపిస్తుందట. దాని తీగలు కలిసే చోట రాగికి పచ్చగా చిలుము పట్టింది. కుదుపుకు తీగ వదిలేస్తుంది, కాసేపటికి మళ్లీ అంటుకుంటుంది.

"మరి రికార్డ్ల ఎందుకు లేదు?" అని అడిగాను.

"దానికి కరెంటే అందకపాయె సార్. ఇంక రాసుకునేదెవలు?" అన్నాడు.

చచ్చిపోయిన మనిషి తాను చచ్చిపోయినట్టు డైరీలో రాసుకోడు కదా! ఇంత చిన్న సంగతి కోసం నలభై రోజులు నన్ను అబద్ధాలకోరును చేశారు. యాప్ సంగతి కూడా తేలింది. డబ్బాకు కరెంటు పోయినప్పుడల్లా అంతకుముందు ఎక్కడో సరిగ్గా పట్టుకున్న ఒక చోటునే మొండిగా చూపిస్తూ ఉంటుందట. ఆ రోజు బోధన్ దాటుతున్నప్పుడు ఆఖరుసారి పట్టుకుంది, అంతే. నేను వైన్స్ ముందు ఆగలేదు, వైన్స్ ముందు నుంచి పోయాను.

ఇదంతా కాగితం మీద రాసి, ముద్ర వేసి ఇవ్వమని పట్టుబట్టాను. పై ఆఫీసుకు పంపించారు, పది రోజుల్లో వస్తుందట. రాగానే నేనే వర్ని తెస్తాను. మీ అన్న ముందు పెడతాను. ఆయన మూతి ఎలా పెడతాడో చూడాలి. నీ మొహం కూడా చూడాలి లతా.

నీ
రాజేందర్

*

నిజామాబాద్,
మార్చి 23, ఆదివారం.

లతా,

నిన్న నేను వర్ని వచ్చాను. నీకు తెలియదు.

శుక్రవారం కాగితం వచ్చింది. నేను అడిగిన ప్రతి ముక్కా అందులో ఉంది. జనవరి ఇరవై అయిదు, పదీ నలభై ఎనిమిది తర్వాత కారు నుంచి ఏ సమాచారమూ అందలేదు, యాప్ చూపించిన చోటు సరైనది కాదు, లోపం నీళ్ల వల్ల జరిగింది. కింద సంతకం, ముద్ర. రెండు నకళ్లు తీయించి, ప్లాస్టిక్ కవర్లో పెట్టుకొని, ఉతికిన చొక్కా వేసుకొని బస్సెక్కాను. దారంతా మీ అన్నతో ఏమనాలో మాటలు కూర్చుకుంటూ వచ్చాను. గతుకుల దగ్గర బస్సు కుదిపినప్పుడు కూడా కోపమే వచ్చింది తప్ప ఇంకేమీ రాలేదు.

మీ ప్రహరీ దగ్గర ఆగాను. వాకిట్లో మామ కుర్చీలో కూర్చొని ఉన్నాడు. ఎడమ చేత్తో చొక్కా గుండీలు పెట్టుకుంటున్నాడు. కుడి చెయ్యి ఒళ్లో, ఎవరిదో చెయ్యి తెచ్చి అక్కడ పెట్టినట్టుంది. మొదటి గుండీ రెండో కాజాలో పడింది. చూసుకున్నాడు. విప్పాడు. మళ్లీ పెట్టాడు. మళ్లీ తప్పే. నువ్వు స్తంభం పక్కన నిలబడి చూస్తున్నావు. సాయం చెయ్యొద్దని డాక్టర్ చెప్పి ఉంటాడు. నీ చెయ్యి సగం దాకా వచ్చి ఆగిపోయి ఉంది. ఎంతసేపు అలా నిలబడ్డావో. మామ నాలుగోసారి విప్పినప్పుడు నేను కవర్ చంకలో పెట్టుకొని వెనక్కి తిరిగాను. బస్టాండులో గంటసేపు కూర్చున్నాను. ఆ కాగితం మళ్లీ తీసి చదివాను. ఆ కాగితంలో లేని రెండు సంగతులు ఉన్నాయి. అవి ఏ డబ్బాలోనూ రికార్డు కాలేదు. నేను చెబితే తప్ప ఉండవు.

ఒకటి నీకు తెలుసు. తెలిసి కూడా నువ్వు ఎప్పుడూ అనలేదు. పదిన్నరకు ఫోన్ చేసినప్పుడు నువ్వు ముందు అన్న మాట, "108కు చేస్తున్న, మీరు సీదా దవాఖానకు రండి" అని. వద్దన్నది నేను. "అది ఎప్పుడొస్తదో ఏమో. నేను ఇర్వై నిమిషాల్ల ఉంట. ఏసీ కారు, సీటు వాలిస్తె మంచం లెక్క ఉంటది. బాపుకు కుదుపు గూడ తెల్వది" అన్నాను. నువ్వు ఒక్క క్షణం ఆగి "సరే" అన్నావు. ఆ గొంతులో నీకు ఇష్టం లేదని నాకు తెలిసింది. అయినా నా మాట మీద ఆగిపోయావు. లతా, నేను ఆ మాట మామ మీద ప్రేమతో అన్నానని ఇన్నాళ్లూ నాకు నేను చెప్పుకున్నాను. ప్రేమ ఉంది, అబద్ధం కాదు. కానీ ఆ కారులో మామను పండబెట్టుకొని పోతుంటే వర్ని అంతా చూస్తుందన్న ఆలోచన కూడా ఉంది. కారు కొన్నప్పుడు మీ అన్న "టీచర్ నౌకరికి ఇంత బండి అవసరమా బావా?" అన్నాడు. దానికి ఇదే జవాబు అనుకున్నాను.

రెండోది నీకు తెలియదు. మొదటి ఉత్తరంలో రాయి దొరకలేదని రాశాను. దొరికింది. కాలువ గట్టుకు పేర్చిన రాళ్లు అక్కడే ఉన్నాయి. తలకాయంత రాయి తెచ్చాను. రెండు చేతులా పైకెత్తాను. లోపల ఫోన్ మీద నీ పేరు వెలుగుతోంది. అద్దంలో నా మొహం, ఆ మొహం వెనక నీ పేరు. రాయి దించేశాను. పదకొండు నెలల కారు. ఏదో ఒక బండి రాకపోతుందా, ఇంకో రెండు నిమిషాలు చూద్దాం అనుకున్నాను. రెండు నిమిషాలు కాదు. ఇరవై నిమిషాలు. నీ ఫోన్ ఆ ఇరవై నిమిషాల్లో ఎన్నిసార్లు మోగిందో నేను లెక్కపెట్టలేదు, నువ్వు లెక్కపెట్టే ఉంటావు. ఆ అద్దం పగలగొట్టి ఫోన్ ఎత్తి "నా కోసం చూడకు, దొరికిన బండి ఎక్కించు" అని ఒక్క మాట చెప్పి ఉంటే చాలు. మామ ఆ గంట ముందే ఆసుపత్రిలో ఉండేవాడు. కారు ఆగడం నా చేతిలో లేదు. ఇది నా చేతిలోనే ఉంది. చేతిలో బరువుగా ఉంది.

ట్రాక్టర్ ఎక్కాక నర్సింలు అడిగాడు: "అద్దం వలగ్గొడ్తె అయిపోవు గద సార్? ఫోన్ చేతికొస్తుండె."

అలారం అని, లాక్ అని ఏదో చెప్పాను. అతను రోడ్డు వైపు తిరిగి ట్రాక్టర్ వేగం పెంచాడు.

యాభై రోజులు నేను సర్వీస్ సెంటర్ల చుట్టూ తిరిగింది ఎందుకో బస్టాండులో కూర్చున్నప్పుడు తెలిసింది. కారును తిడుతున్నంతసేపు ఈ రెండూ గుర్తు రావు. కారు చెడింది, అది నిజం. వాళ్లు నన్ను ఏడిపించారు, అదీ నిజం. ఆ నిజాలను అడ్డం పెట్టుకున్నాను.

కారు ఇంకా షెడ్డులోనే ఉంది. డబ్బా కొత్తది వేశారు, వచ్చి తీసుకుపొమ్మంటున్నారు. పోవాలనిపించడం లేదు. నువ్వు తిరిగి వస్తావా అని అడిగే హక్కు నాకుందో లేదో కూడా తెలియడం లేదు. నువ్వు ఏది చెబితే అది.

రాజేందర్

*

వర్ని,
మార్చి 31.

శృతి బాపుకు,

మూడు ఉత్తరాలూ అందాయి. రాయడం నాకు అలవాటు తప్పింది, తప్పులుంటే దిద్దుకొని చదవండి, మీకు అలవాటే కదా.

మొదట ఒక సంగతి. ఆ యాప్‌ను నేను ఒక్కరోజు కూడా నమ్మలేదు. అన్న నమ్మాడు. నేను నమ్మానని మీరు మీకు మీరే అనుకున్నారు. ఆ రోజు కారు వైన్స్ ముందు ఆగి ఉందని నాకూ కనిపించింది. మీకు పధ్నాలుగు సార్లు ఫోన్ చేశాను. మీరు ఎత్తలేదు. అప్పుడే అనుకున్నాను, ఈయన తాగలేదు అని. తాగితే మీరు ఫోన్ ఎత్తుతారు. ఎత్తడమే కాదు, పెట్టమన్నా పెట్టరు. పరమేశ్వర్ అన్నకు కూడా ఇచ్చి మాట్లాడిస్తారు. ఏదో అయింది, ఏ లారీ కిందైనా పడ్డారేమోనని ఒక కన్ను బాపు మీద, ఒక కన్ను రోడ్డు మీద పెట్టుకొని కూర్చున్నాను. ఆసుపత్రిలో మీరు నడుచుకుంటూ వస్తుంటే నేను తల దించుకున్నది ఎందుకంటే, మీరు బతికే ఉన్నారని నాకు ఏడుపొచ్చింది. బాపు అలా పడి ఉంటే మీ కోసం సంతోషపడ్డానని ఎవరికైనా కనిపిస్తుందేమోనని దించుకున్నాను.

రెండు రోజులకు నర్సింలు అనే అతను ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. "ముసలాయనకు ఎట్లున్నదమ్మా? సారు రోడ్డు మీద చిన్న పోరని లెక్క ఏడ్వవట్టిండు" అన్నాడు. అంతకంటే ఏమీ చెప్పలేదు. టీ తాగి పోయాడు. అద్దం గురించి అతను మిమ్మల్ని అడిగిన మాట నాకు చెప్పలేదు. ఎందుకు దాచాడో మీ ఉత్తరం చదివాక తెలిసింది.

మరి తెలిసి కూడా ఎందుకు మాట్లాడలేదని మీరు అడుగుతారు. బాపు పడిపోయినప్పుడు అన్న ఇంట్లో లేడు కదా, మూడో రోజు నన్ను అడిగాడు. "108కు ఎందుకు చెయ్యలేదే?" అని. మీరు వద్దన్నారని చెబితే ఆ రోజే మిమ్మల్ని ఏం చేసేవాడో తెలియదు. "నాకు తోచలే అన్నా, కాళ్లు చేతులు ఆడలే" అన్నాను. అన్న నన్ను ఒక్క మాట అనలేదు. కానీ ఆ రోజు నుంచి బాపు మందులు నా చేతికి ఇవ్వడం లేదు. డబ్బా వదిన గదిలో పెట్టాడు. వేళకు వదినే వచ్చి వేసి పోతోంది. నేను బాపు పక్కనే కూర్చొని ఉంటాను, నన్ను దాటి వేసి పోతోంది. కన్నతల్లి అయ్యుండి అవ్వ కూడా చూసి ఏమీ అనదు. మీరు సర్వీస్ సెంటర్‌లో మిమ్మల్ని ఎవరూ నమ్మడం లేదని పేజీలు పేజీలు రాశారు. చదువుతుంటే నాకు ఒళ్లు మండింది. ఈ ఇంట్లో నన్ను నమ్మడం లేదు, మీ మాట దాచినందుకు. ఆ ఒక్క మాట మీరే ఎప్పుడు రాస్తారా అని చూశాను. మొదటి ఉత్తరంలో వైపర్లు. రెండో ఉత్తరంలో పల్లీల బండి. దాన్ని చింపి పొయ్యిలో వేశాను, చెప్పకుండా ఎందుకు, వేశాను.

రాయి సంగతి నాకు తెలియదు. అది చదివి కాగితం మడిచి బియ్యం డబ్బా మీద పెట్టాను. రెండు రోజులు మళ్లీ తెరవలేదు. రాయకుండా ఉంటే నాకు ఎప్పటికీ తెలిసేది కాదు, అది మీకు కూడా తెలుసు. అయినా రాశారు. దానికి మిమ్మల్ని క్షమించానని చెప్పలేను. ఏదో ఒక రోజు చెబుతానేమో, చెప్పనేమో. కానీ ఆ రోజు "సరే" అన్న నోరు నాదే. బాపు నా ఎదురుగా ఉన్నాడు, మీరు ఇరవై కిలోమీటర్ల దూరంలో ఉన్నారు. నా కళ్లు చూస్తున్నది వదిలేసి మీ మాట విన్నాను. ఇరవై ఏళ్లుగా అలవాటు. ఇక ఆ అలవాటు ఉండదు, ముందే చెబుతున్నాను.

బాపు కొంచెం నయం. మాట ముద్దగా ఉంది, మాకు సగం అర్థమవుతుంది. నిన్న కింది నుంచి మూడు గుండీలు పెట్టుకున్నాడు.

ఆదివారం రండి. అన్న ఇంట్లోనే ఉంటాడు. కంపెనీ కాగితం తేవద్దు, అది మాకు అక్కర్లేదు. 108 సంగతి, రాయి సంగతి రెండూ అన్నకు మీ నోటితో చెప్పండి. నేను పక్కనే కూర్చుంటాను, ఒక్క మాట కూడా కలపను. అన్న ఏమంటాడో నాకు తెలియదు. చెయ్యెత్తినా ఎత్తుతాడు. బాపు కూడా అక్కడే ఉంటాడు. మాట సరిగా రాదు కానీ చెవులు బాగానే ఉన్నాయి. అందుకని అన్నకు చెబుతున్నట్టు కాకుండా బాపుకు చెబుతున్నట్టు చెప్పండి.

తర్వాత నేను నిజామాబాద్ వచ్చేది రానిది ఆ రోజు చూద్దాం. ఏం జరిగినా అన్నం తినకుండా పోవద్దు. మీకు కూడా కలిపే వండుతున్నాను.

పుష్పలత